పట్టు దొరికితే పందిరంతా దొండే

దొండ బహువార్షిక తీగ. ఒకసారి పాదు కుదురుకుందంటే మూడు నాలుగేళ్లు ఏటా చిగురించి కాస్తుంది. కంచె మీద దాని మానాన దాన్ని వదిలేస్తే అంతకంటే ఎక్కువ కాలమే బతుకుతుంది. బీర, పొట్ల, సొర, గుమ్మడి, దోస దీని చుట్టాలే. అన్నీ కుకుర్బిటేసీ కుటుంబానివి. అయితే ఆ చుట్టాల్లో చాలావరకు ఒక్క కారు మొక్కలు. గింజ నాటిన కొన్ని నెలల్లో కాసి, ఎండి, పందిరి ఖాళీ చేస్తాయి. ఆగాకర లాంటి ఒకటీ అరా మినహా, ఏళ్ల తరబడి నిలిచే గుణం మన కూరతీగల్లో దొండకే ఎక్కువ.

శాస్త్రీయ నామం కాక్సీనియా గ్రాండిస్. లిన్నేయస్ 1767లో దీన్ని బ్రయోనియా గ్రాండిస్‌గా నమోదు చేశాడు. మద్రాసు ప్రెసిడెన్సీలో పనిచేసిన స్కాట్లండ్ వైద్యుడు రాబర్ట్ వైట్, వాకర్ ఆర్నాట్‌తో కలిసి 1834లో కాక్సీనియా అనే ప్రజాతిని ఏర్పరచి, మన దొండను కాక్సీనియా ఇండికాగా వర్ణించాడు. ఇప్పటి పేరు 1845లో స్థిరపడింది. పాత ఆయుర్వేద, వ్యవసాయ పుస్తకాల్లో మాత్రం ఇండికా ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. ఈ ప్రజాతిలో గుర్తించిన జాతులు 25. దొండ తప్ప తక్కినవన్నీ ఆఫ్రికా ఖండానికే పరిమితం. ఆ గడప దాటి ఆసియా దాకా వ్యాపించింది ఇదొక్కటే.

దొండ శరీర నిర్మాణమంతా ఒకే లెక్క మీద నడుస్తుంది. నిలబడటానికి కావలసిన మాను దానికి లేదు, దాన్ని కట్టుకునే ఖర్చూ లేదు. చెట్టు తన ఆహారంలో పెద్ద వాటాను కొయ్యగా మార్చుకుని మెల్లగా లేస్తుంది. దొండ ఆ బరువును పక్కవాడి మీద వేసి, మిగిలినదంతా పొడవుకు, ఆకుకు, నేల కింద దుంపకు మళ్లిస్తుంది. దాని వేగానికీ, మొండితనానికీ కారణం ఇదే.

కాండం, పెరుగుదల

లేత తీగ పచ్చగా, నున్నగా, నీరు నిండి ఉంటుంది. వేళ్ల మధ్య పెట్టి తిప్పితే గుండ్రంగా కాక, కోణాలు తేలినట్టు తగులుతుంది. ముదిరేకొద్దీ ఆ పచ్చదనం పోతుంది. పాదు మొదట్లో కాండం లావెక్కి, బెరడు కట్టి, బూడిద రంగుకు తిరుగుతుంది. నాలుగేళ్ల పాదు మొదలు చూసినవాళ్లకు అదీ, కొసన ఊగే దారం లాంటి చిగురూ ఒకే మొక్కవంటే నమ్మబుద్ధి కాదు.

కాండాన్ని అడ్డంగా కోస్తే లోపల నాళికాపుంజాలు విడివిడిగా, రెండు వరుసల్లో అమరి ఉంటాయి. వాటి మధ్య మెత్తటి కణజాలం ఉంటుంది. కొయ్య ఒకే ముద్దగా గడ్డకట్టదు కాబట్టి కాండం మెలితిరిగినా పగలదు. పురితిప్పిన తాడు వంగినట్టు వంగుతుంది. ఈ కుటుంబానికి మరో ప్రత్యేకత ఉంది. సాధారణంగా మొక్కల్లో ఆహారాన్ని మోసే పోషక కణజాలం నీటిని మోసే దారువుకు బయటివైపే ఉంటుంది. దొండ జాతి తీగల్లో అది దారువుకు రెండువైపులా ఉంటుంది. ఇలాంటి పుంజాలను వృక్షశాస్త్రం ద్విసహపార్శ్వ పుంజాలంటుంది. దారువులోని నాళాలు కూడా వెడల్పాటివి. వేలెడు లావైనా లేని కాండం పందిరి నిండా ఉన్న ఆకులకు నీళ్లు అందించగలగడం ఆ వెడల్పు చలవే.

పెరుగుదల కొసనే జరుగుతుంది. అక్కడ కణుపులు దగ్గర దగ్గరగా పుట్టి, ఆ తరవాత మధ్య దూరం సాగుతుంది. హవాయి దీవుల్లో అనుకూలమైన వేడి, తేమ ఉన్నచోట దొండ తీగ రోజుకు 10 సెంటీమీటర్ల దాకా సాగినట్టు నమోదైంది. అంటే నెలకు సుమారు 3 మీటర్లు. అమెరికా దక్షిణ రాష్ట్రాలను కప్పేసిన జపాన్ తీగ కుడ్జు రోజుకు 30 సెంటీమీటర్ల దాకా పెరుగుతుందని ప్రసిద్ధి. దాని ముందు దొండది మందగమనమే. కానీ కూరగాయల పందిరికి ఆ 10 సెంటీమీటర్లు చాలా ఎక్కువ. చలికాలంలో ఈ జోరు బాగా తగ్గుతుంది. ఉత్తరాదిలో గట్టి చలి పట్టే చోట్ల తీగ నిద్రావస్థలోకి జారుకుని, ఎండలు మొదలయ్యాక మళ్లీ చిగురిస్తుంది.

పట్టుకునే వేలు

ప్రతి కణుపు దగ్గరా ఒక ఆకు, దాని పక్కన ఒక నులితీగ పుడతాయి. గుమ్మడి, సొరల్లో నులితీగ చీలి ఉంటుంది. దొండలో చీలిక ఉండదు. ఒకే సన్నని పోగు. లేతగా ఉన్నప్పుడు అది నిటారుగా చాచుకుని, గాలిలో నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతూ ఆసరా కోసం తడుముకుంటుంది. కర్రో తీగో తగిలిందా, తగిలిన వైపు కణాలు కుదించుకుని, అవతలి వైపు కణాలు సాగి, కొస వంగుతుంది. ఆ వంపు మరింత భాగాన్ని ఆసరాకు తగిలేలా చేస్తుంది. అలా చుట్టు మీద చుట్టు పడిపోతుంది.

ఎగబాకే మొక్కల మీద లోతుగా పరిశోధించినవాళ్లలో ముఖ్యుడు చార్లెస్ డార్విన్. అమెరికా వృక్షశాస్త్రవేత్త ఏసా గ్రే పంపిన అడవి దోస గింజలు మొలకెత్తించి, అనారోగ్యంతో గదిలోనే ఉండిపోయిన రోజుల్లో వాటి నులితీగల కదలికలను పరిశీలించాడు. ఆ పరిశీలనలు 1865లో లిన్నేయన్ సొసైటీ పత్రికలో వెలువడ్డాయి, 1875లో పుస్తకమయ్యాయి. సన్నని దారం బరువుకే స్పందించే నులితీగ మీద నీటి చుక్కలు పడినా అది వంగకపోవడం ఆయన్ను ఆశ్చర్యపరిచింది. అలా వంగి ఉంటే ప్రతి వానకూ తీగలన్నీ ఉత్తినే చుట్టుకుపోయేవి!

అసలు నేర్పు పట్టు దొరికిన తరవాత కనిపిస్తుంది. కొస ఆసరాకు బిగిశాక, నులితీగ నడిమి భాగం స్ప్రింగులా చుట్టుకుని, కాండాన్ని ఆసరా దగ్గరికి లాక్కుంటుంది. దొండ పందిరి కింద నిలబడి ఏదైనా ఒక నులితీగను దగ్గరగా చూడండి. సగం దూరం చుట్లు ఒకవైపు తిరిగి ఉంటాయి. మధ్యలో చిన్న తిన్నని ముక్క వస్తుంది. అక్కడి నుంచి చుట్లు ఎదురు దిక్కుకు తిరుగుతాయి. కొన్నిట్లో ఈ మలుపు ఒకటి కంటే ఎక్కువసార్లు కూడా రావచ్చు. ఒక కొస కాండానికి, మరో కొస ఆసరాకు కట్టుబడి ఉన్న పోగును ఒకే దిక్కుకు చుడితే మెలి పేరుకుపోయి తెగుతుంది. ఎదురు చుట్లు ఆ మెలిని రద్దు చేస్తాయి. డార్విన్ ఈ లెక్కను పట్టుకున్నాడు.

ఆ స్ప్రింగును తిప్పే యంత్రం ఏమిటన్నది మాత్రం 2012 దాకా స్పష్టం కాలేదు. హార్వర్డ్ శాస్త్రవేత్తలు దోస నులితీగల మీద చేసి ‘సైన్స్’ పత్రికలో ప్రచురించిన పరిశోధన ప్రకారం, నులితీగ లోపల పీచుకణాల పట్టీ ఒకటి ఏర్పడుతుంది. దాని ఒక పక్క రెండో పక్క కంటే ఎక్కువ కుదించుకోవడం వల్ల పోగంతా చుట్టుకుపోతుంది. ముదిరిన నులితీగను రెండు చివర్లా పట్టి లాగితే చుట్లు విడిపోకుండా మొదట మరిన్ని చుట్లు పడటం వాళ్లు గమనించిన విచిత్రం. మెల్లగా లాగితే లొంగుతుంది, గట్టిగా లాగితే బిగుసుకుంటుంది. ఈదురుగాలికి పందిరి కర్రలు ఊగినా తీగ తెగిపడకపోవడంలో ఈ గుణం పాత్ర చిన్నది కాదు. ఆసరా దొరకని నులితీగ మాత్రం ఒకే దిక్కుకు వదులుగా చుట్టుకుని, వాడి, రాలిపోతుంది.

ఆకు, దుంప

ఆకులు కణుపుకొకటి చొప్పున, ఒకదాని తరవాత ఒకటి ఎదురెదురు పక్కల వస్తాయి. పొడవు మామూలుగా 5 నుంచి 9 సెంటీమీటర్లు, వెడల్పూ దాదాపు అంతే. మొదలు హృదయాకారంగా ఉంటుంది, ఈనెలు అరచేతి నుంచి వేళ్లు విడిపోయినట్టు సాగుతాయి. ఆకారం ఒకే తీరుగా ఉండదు. ఒకే తీగ మీద అయిదు కోణాల ఆకూ, లోతుగా చీలిన ఆకూ కనిపిస్తాయి. ఆకారాన్ని బట్టి ఇది వేరే మొక్క అనుకోవడం కొత్తవాళ్లకు మామూలే. పైభాగాన కళ్లకు దగ్గరగా పెట్టి చూస్తే తెల్లటి చిన్న చుక్కలు కనిపిస్తాయి. తొడిమ కలిసే చోట ఆకు మీద 3 నుంచి 8 దాకా సన్నని గ్రంథులు ఉంటాయి. పువ్వులతో సంబంధం లేని తేనె అక్కడ ఊరుతుంది. దాని కోసం వచ్చే చీమలు ఆకు తినే పురుగులను కూడా బెదరగొడతాయి.

తొడిమలు వంగి, ప్రతి ఆకునూ వెలుతురు వైపు తిప్పుతాయి. అందుకే కుదిరిన దొండ పందిరి పైనుంచి చూస్తే సందు లేని ఆకుకప్పు, కింద నీడ. కాయలు ఆ నీడలోకే వేలాడతాయి. ఆకు రంగూ కాయ రంగూ ఒకటే కావడంతో కోతకు వెళ్లినవాళ్లు ప్రతిసారీ కొన్ని కాయలు వదిలేస్తారు, మరుసటి కోతకు అవి ముదిరి ఎర్రబడి పలకరిస్తాయి. మన దగ్గర దొండాకును కూరలో వాడేవాళ్లు అరుదు. థాయ్‌లాండ్‌లో మాత్రం ‘తామ్లుంగ్’ పేరుతో లేత ఆకులు, చిగుళ్లు రోజువారీ పులుసుల్లో పడతాయి. కాయ కంటే ఆకుకే అక్కడ గిరాకీ. మనవాళ్లు ఆ చిగుళ్లను కత్తిరింపుల పేరుతో గట్టు మీద పారేస్తుంటారు.

నేల కింద వేరు లావెక్కి దుంపగా మారుతుంది. ఇది తీగ ఖజానా. పిండిపదార్థం, నీరు అందులో నిల్వ ఉంటాయి. వేసవిలో పైన తీగ ఎండినా, పశువులు మేసినా, కొడవలి పడినా దుంప చెక్కుచెదరదు. తొలకరి పడగానే దాని నెత్తి నుంచి కొత్త చిగుళ్లు వస్తాయి. అవి మొలక దశలో ఉండే బలహీనమైన చిగుళ్లు కావు, నిల్వ ఉన్న ఆహారంతో తన్నుకొచ్చేవి. బహువార్షిక తీగ ఏడాది తీగ కంటే త్వరగా పందిరెక్కేది ఇందుకే. ఆసరా దొరక్క నేల మీద పాకిన తీగ కూడా వృథా పోదు. కణుపుల దగ్గర వేళ్లు దిగి, ఎక్కడికక్కడ కొత్త పాదు తయారవుతుంది.

ఆడతీగ, మగతీగ

బీర, గుమ్మడిలో ఆడపువ్వు, మగపువ్వు ఒకే తీగ మీద పూస్తాయి. దొండలో తీగలే వేరు. మగతీగకు మగపూలే, ఆడతీగకు ఆడపూలే. పూలు తెల్లగా, గంట ఆకారంలో, అంచున అయిదు రేకలుగా విడిపోయి ఉంటాయి. ఆకు పంగలో ఒంటరిగా పూస్తాయి, మగపూలు అప్పుడప్పుడు రెండు మూడు కలిసి వస్తాయి. దూరం నుంచి రెండూ ఒకేలా ఉంటాయి. దగ్గరికి వెళ్లి రేకల కింద చూస్తే పోల్చుకోవడం పిల్లలకైనా తేలికే. ఆడపువ్వు కింద వేలిగోరంత పచ్చటి పిందె ఉంటుంది. మగపువ్వు కింద ఉత్త కాడే ఉంటుంది. మగపువ్వు లోపల మెలికలు తిరిగిన పసుపు పుప్పొడి తిత్తులు ఒకే స్తంభంలా కలిసి నిలబడతాయి. ఆడపువ్వు లోపల మూడు శాఖల కీలాగ్రం ఉంటుంది.

లింగభేదం ఇంత స్పష్టంగా ఉండటం వెనుక క్రోమోజోముల కథ ఉంది. దొండకు 24 క్రోమోజోములు. ఆడమొక్కలో ఎక్స్ ఎక్స్, మగమొక్కలో ఎక్స్ వై అచ్చం మనుషుల్లో మాదిరిగానే ఉంటాయి. దొండలో లింగ క్రోమోజోములను భారతీయ శాస్త్రవేత్తలు కుమార్, దేవడీకర్ 1940లోనే గుర్తించి ప్రకటించారు. ఇక్కడొక తిరకాసు ఉంది. మనుషుల్లో వై క్రోమోజోము పొట్టిది, దొండలో అది తక్కిన అన్నిటికంటే పెద్దది. సూక్ష్మదర్శినిలో మగతీగను ఆ ఒక్క క్రోమోజోము చూసి పట్టేయవచ్చు. మొక్కల్లో లింగ నిర్ణయం ఎలా పరిణమించిందో తెలుసుకోవాలనుకునే ప్రయోగశాలలకు దొండ ఇప్పుడు ఇష్టమైన మొక్క. కూరగాయగా దానికి దక్కని గౌరవం అక్కడ దక్కింది.

రైతు లెక్క కూడా ఈ భేదం మీదే ఆధారపడింది. గింజ నాటితే వచ్చే మొక్కల్లో సుమారు సగం మగవి, అవి కాయవు. పూత వచ్చేదాకా ఏది ఏదో తెలియదు. అందుకే దొండను గింజతో కాక, బాగా కాసిన ఆడతీగ నుంచి కోసిన పెన్సిల్ లావు ముక్కలతో వేస్తారు. నాలుగైదు కణుపులున్న ముక్కలో రెండు కణుపులు మట్టిలో, తక్కినవి పైన ఉండేలా పాదులో గుచ్చితే చాలు. ఇలా పెంచిన తోటలో తీగలన్నీ ఒకే తల్లికి నకళ్లు. సాగులో ఉన్న కొన్ని రకాలు పుప్పొడి అందకపోయినా కాయ కడతాయి. అలా కట్టని రకాల కోసం పది ఆడతీగలకు ఒక మగతీగ చొప్పున పెట్టాలని వ్యవసాయ నిపుణులు చెబుతారు.

కాయ, పండు, గింజ

కాయ రెండున్నర నుంచి ఆరు సెంటీమీటర్ల పొడవుండి, కోలగా, నున్నగా ఉంటుంది. ఆడపువ్వులో అండాశయం రేకల కింద ఉంటుంది కాబట్టి, ఎండిన పువ్వు కాయకు తొడిమ వైపు కాక రెండో కొసన అంటుకుని కనిపిస్తుంది. లేతకాయ పచ్చటి ఒంటి మీద పొడుగునా తెల్లని చారలు ఉంటాయి. రకాన్ని బట్టి ఈ చారలు కొట్టొచ్చినట్టు ఉండొచ్చు, అసలు లేకనూ పోవచ్చు. రాయ్‌పూర్‌లోని ఇందిరాగాంధీ కృషి విశ్వవిద్యాలయం ఇందిరా కుంద్రు-5, ఇందిరా కుంద్రు-35 రకాలను విడుదల చేసింది. మన సంతల్లో కనిపించేవి ఎక్కువగా ఊళ్లలో చేతులు మారుతూ వచ్చిన స్థానిక రకాలే.

వేపుడుకు చక్రాలుగా తరిగినప్పుడు ఒక ముక్కను వెలుతురుకు పెట్టి చూస్తే మూడు భాగాల అమరిక కనిపిస్తుంది. మూడు ఫలదళాలు కలిసి కాయ అయిన గుర్తు అది. గింజలు గుజ్జులో మునిగి, గోడ వైపు అతుక్కుని ఉంటాయి. పండటం లోపలి నుంచి మొదలవుతుంది. పైకి పచ్చగా నిగనిగలాడే కాయను కోస్తే లోపల ఎర్రగా, పుల్లగా ఉండటం ప్రతి వంటింటికీ తెలిసిన అనుభవం. ఎరుపుకు కారణం లైకోపీన్ తదితర కెరోటినాయిడ్లు, టమాటాను ఎర్రబరిచే పదార్థమే. పూర్తిగా పండాక తొక్క కూడా ఎర్రబడి, గుజ్జు మెత్తబడి, చీలిపోతుంది. కవులు పెదవులకు పోల్చిన బింబఫలం ఇదే. కాకి ముక్కుకు దొండపండు అని మనవాళ్లు వెక్కిరించేదీ దీన్నే. దొండకాయ తింటే బుద్ధి మందగిస్తుందన్న నమ్మకం కూడా ఈ కాయ వెంటే తిరుగుతుంటుంది, ఆధారం మాత్రం లేదు.

పండు ఎరుపు పక్షులకు పిలుపు. బుల్‌బుల్ లాంటి పండు తినే పిట్టలు గుజ్జు మింగి, గింజలను దూరాన విసర్జిస్తాయి. గింజలు 6 నుంచి 7 మిల్లీమీటర్ల పొడవుతో చదునుగా, అంచు కాస్త లావుగా, లేత గోధుమ రంగులో ఉంటాయి. కంచెల మీద దానంతటదే మొలిచే కాకిదొండ ఇలా వచ్చినదే. అందులో చాలావాటికి చేదు ఉంటుంది. ఈ కుటుంబమంతటా కనిపించే కుకుర్బిటాసిన్లు ఆ చేదుకు మూలం. తోట దొండలో తరతరాల ఎంపిక ఆ చేదును దాదాపు తుడిచేసింది.

కట్టు తప్పితే

పందిరి మీద సుగుణాలన్నీ పరాయి నేల మీద దుర్గుణాలయ్యాయి. తినడానికని పసిఫిక్ దీవులకు తీసుకెళ్లిన దొండ హవాయి, గువామ్, సైపాన్‌లలో చెట్లను, కంచెలను, కరెంటు స్తంభాలను కప్పేసింది. పైన పరుచుకున్న ఆకుకప్పు కింద ఉన్న చెట్టు ఎండ అందక నీరసిస్తుంది. పక్షులు గింజలనూ, మనుషులు తీగముక్కలనూ మోశారు. కోసి పారేసిన ముక్కలు పడినచోటే వేళ్లు దిగాయి. సొంత గడ్డ మీద దాన్ని అదుపులో ఉంచే పురుగులు అక్కడ లేకపోవడమే అసలు లోపం. హవాయి ప్రభుత్వం దీన్ని హానికర కలుపుగా ప్రకటించింది. కెన్యా నుంచి తెచ్చిన మెలిట్టియా ఈడిపస్ అనే పురుగును 1996లో వదిలారు. దీని గొంగళిపురుగు కాండంలోకి తొలుచుకుపోతుంది. ఆ తరవాత 1999లో ముక్కుపురుగులను కూడా వదిలారు.

మన దగ్గర ఆ భయం లేదు. పండు ఈగ, ఆకు గీరి తినే అక్షింతల పురుగు, వేరు మీద బుడిపెలు కట్టించే నులిపురుగులు ఇక్కడ దొండ దూకుడుకు ఎప్పుడూ కళ్లెం వేస్తూనే ఉంటాయి. రాతి కడీలు పాతి, ఇనుపతీగలు లాగిన పందిరి మీద రైతు ఏటా కాపు తగ్గాక ముదురు తీగలను కత్తిరిస్తాడు. కొత్త చిగుళ్ల మీదే పూత వస్తుంది కాబట్టి కత్తిరింపు కాపును పెంచుతుంది.

పెరట్లో పెంచదలిస్తే కాసిన తీగ నుంచే ముక్క తెచ్చుకోవాలి, మొలిచిన గింజను నమ్ముకోకూడదు. వద్దనుకుని తీసేయదలిస్తే పైతీగ కోసి ఊరుకుంటే లాభం లేదు. దుంపతో సహా తవ్వాలి, కోసిన తీగను తడి నేల మీద వదలకుండా పూర్తిగా ఎండబెట్టాలి.